స్టార్టప్ పెట్టి విదేశానికి పోవాలంటే: వరంగల్ వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టి పెరిగింది హన్మకొండ నయీంనగర్‌లో. ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటున్నాను. దోస్తు, నేను కలిసి ధాన్యం నిల్వల్లో తేమ కొలిచే సెన్సర్ల కంపెనీ నడుపుతున్నాం. ఆ ఆలోచన ఎనుమాముల మార్కెట్ యార్డులో పుట్టింది. తేమ ఎక్కువుందని మిర్చి బస్తాకు రేటు కోస్తుంటే మా బాపు ఏమీ అనలేక నిలబడిపోవడం చిన్నప్పటి నుంచి చూశాను. ఆదివారం వచ్చిందంటే వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కోసారి పిల్లల తండ్రులే చేస్తారు. అందుకే అన్నీ ఒక్కచోట రాస్తున్నా. ఫీజులు, రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి పైసలు కట్టే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ మీరే తెరిచి చదవండి.

అన్నా, స్టార్టప్ వీసా అంటే అసలు ఏంటిది? జాబ్ వీసాకు దీనికి తేడా ఏంది?

జాబ్ వీసాలో అక్కడి కంపెనీ మిమ్మల్ని పిలుస్తుంది. ఇందులో మిమ్మల్ని పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు, మీ వ్యాపారమే మిమ్మల్ని తీసుకుపోవాలి. మీ దగ్గర కొత్త వస్తువో సేవో ఉంది, అది మా దేశంలో పెరిగి నలుగురికి ఉద్యోగాలిస్తుంది అని అక్కడి ప్రభుత్వమో, ప్రభుత్వం గుర్తించిన సంస్థో నమ్మితేనే రానిస్తారు. కాబట్టి మొదట చూసేది మీ వ్యాపారాన్ని, ఆ తర్వాతే మీ డిగ్రీ, మీ బ్యాంకు బ్యాలెన్స్. నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు. వీసా కావాలి, దానికోసం ఒక కంపెనీ కావాలి అంటారు. అట్ల మొదలుపెట్టినవాళ్ల పైసలు పోవడం నేను దగ్గరగా చూశాను.

ఇప్పుడు ఏ దేశాలు ఇస్తున్నాయి?

నాకు బాగా తెలిసింది ఐర్లాండ్. 2012లో మొదలైన స్టార్టప్ ఆంత్రప్రెన్యూర్ ప్రోగ్రామ్ ఇది. ఒక్కరు వస్తే చేతిలో 50,000 యూరోలు చూపాలి, తోటి వ్యవస్థాపకుడు ఉంటే ఒక్కొక్కరికి ఇంకో 30,000. ఆ పైసలు మీవే కానక్కర్లేదు, పెట్టుబడిదారుడు పెట్టినా ఒప్పుకుంటారు. దరఖాస్తు ఫీజు 350 యూరోలు. ఒక కమిటీ చదివి తేలుస్తుంది. మూడు నాలుగేళ్లలో 10 ఉద్యోగాలు ఇవ్వగలగాలి, 10 లక్షల యూరోల అమ్మకాలకు చేరగలగాలి, కంపెనీ కొత్తదై ఉండాలి, దాని హెడ్డాఫీసు, పెత్తనం ఐర్లాండ్‌లోనే ఉండాలి. ఒప్పుకుంటే మొదట 2 ఏళ్లు ఉండనిస్తారు, తర్వాత ఇంకో 3 ఏళ్లు పొడిగిస్తారు.

బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా నడుస్తోంది. అంతకుముందు 50,000 పౌండ్ల పెట్టుబడి తప్పనిసరి, దాన్ని తీసేశారు. కానీ ప్రభుత్వం గుర్తించిన ఎండార్సింగ్ సంస్థ మీ ఐడియా కొత్తదని, నిలబడుతుందని, పెరుగుతుందని పత్రం ఇవ్వాలి. ఆ పరిశీలనకు 1,000 పౌండ్లు, వీసా వచ్చాక పని ఎట్లా సాగుతోందో చూసే సమావేశాలకు ఒక్కోదానికి 500 పౌండ్లు, ఇవి కనీసం రెండుంటాయి. వీసా 3 ఏళ్లకు ఇస్తారు. ఆ మూడేళ్లలో వాళ్లు పెట్టిన లెక్కలు అందుకుంటే శాశ్వత నివాసానికి (పీఆర్‌కు) అడగొచ్చు.

నెదర్లాండ్స్‌లో 2015 నుంచి ఉంది. అక్కడ ముందు ఒక్క ఏడాదికే ఇస్తారు, గుర్తింపు పొందిన మార్గదర్శి ఒకరు మీకు తోడుండాలి. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ టెక్ వీసా, ఎస్టోనియాలో 2017 నుంచి స్టార్టప్ వీసా, సింగపూర్‌లో ఆంత్రపాస్ ఉన్నాయి. జపాన్ సంగతి చాలామంది పాత లెక్కలతో అడుగుతున్నారు. అక్కడ బిజినెస్ మేనేజర్ వీసాకు 50 లక్షల యెన్‌ల పెట్టుబడి చాలేది, 2025 అక్టోబర్ నుంచి దాన్ని 3 కోట్ల యెన్‌లకు పెంచారు.

కెనడా పీఆర్ వస్తుందని అందరూ అంటున్నారు కదా?

వచ్చేది. 2013లో మొదలుపెట్టి 2018లో శాశ్వత పథకం చేశారు. ఐదుగురు వ్యవస్థాపకుల దాకా ఒకే కంపెనీ మీద వెళ్లే వీలుండేది, నేరుగా పీఆర్ వచ్చేది. అందుకే మన దగ్గర దీనికి అంత పేరు. దరఖాస్తులు కుప్పలుగా పడి ఏళ్ల తరబడి ఆగిపోయాయి, చివరికి 2025 డిసెంబర్ 31తో కొత్తవి తీసుకోవడం ఆపేశారు. 2025లోనే గుర్తింపు సంస్థ నుంచి మద్దతు పత్రం వచ్చినవాళ్లకు మాత్రం 2026 జూన్ 30 దాకా గడువు ఇచ్చారు. ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ఈ పథకం పేరు మీద ఇప్పటికీ అడ్వాన్సులు అడుగుతున్నారని ఈమధ్యే హుజూరాబాద్ నుంచి ఒక తమ్ముడు చెప్పాడు. పాత పథకం కింద కొత్తగా పెట్టిస్తామని ఎవరన్నా అంటే ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

అమెరికాకు?

అమెరికాలో స్టార్టప్ వీసా అనే పేరుతో ఏదీ లేదు. ఈ-2 అనే వ్యాపార వీసా ఉంది కానీ దానికి రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి, మన దేశానికి లేదు. 2017లో వచ్చిన ఇంటర్నేషనల్ ఆంత్రప్రెన్యూర్ రూల్ ఒకటి ఉంది. దాని కింద అమెరికా పెట్టుబడిదారుల నుంచి 3 లక్షల డాలర్లకు పైగా తెచ్చుకున్నవాళ్లను రెండున్నరేళ్లు ఉండనిస్తారు, అది వీసా కింద లెక్కకు రాదు, గ్రీన్ కార్డుకు దారి కూడా చూపదు. ఓ-1 అనేది తమ రంగంలో అసాధారణ స్థాయికి చేరినవాళ్లకు. పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు తెచ్చుకునే ఈబీ-5కు కనీసం 8 లక్షల డాలర్లు. మీ కస్టమర్లు అమెరికాలో ఉంటే అక్కడ కంపెనీ రిజిస్టర్ చేసి ఇక్కడి నుంచే నడపడానికి అడ్డేమీ లేదు, చాలామంది అట్లనే చేస్తున్నారు.

ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ తీసుకుంటే యూరప్‌లో ఉండొచ్చట, నిజమేనా?

నిజం కాదు. అది ఆన్‌లైన్‌లో కంపెనీ పెట్టి నడుపుకోవడానికి ఇచ్చే డిజిటల్ గుర్తింపు కార్డు. 2014 నుంచి ఉంది, పనికొచ్చేదే. దాంతో యూరప్‌లో అడుగుపెట్టే హక్కు గానీ ఉండే హక్కు గానీ రాదు.

హోటల్ పెట్టుకుంటా, మన బిర్యానీకి అక్కడ గిరాకీ ఉంది. ఇస్తరా?

గిరాకీ ఉన్నమాట నిజం, డబ్లిన్‌లో మన హోటళ్లు బాగానే నడుస్తున్నాయి. కానీ ఈ దారిలో రావు. ఐర్లాండ్ పథకం రిటైల్, క్యాటరింగ్ లాంటి వాటిని దాదాపు ఒప్పుకోదు. సింగపూర్ అయితే లిస్టే పెట్టింది: కాఫీ షాపులు, ఫుడ్ కోర్టులు, బార్లు, మసాజ్ సెంటర్లు, ఉద్యోగాలిప్పించే ఏజెన్సీలు, చివరికి మన వాస్తు లాంటి జియోమాన్సీ వ్యాపారాలు కూడా ఆంత్రపాస్‌కు పనికిరావని. మనుషులను క్లయింట్ల దగ్గరికి పంపే ఐటీ కన్సల్టెన్సీ కూడా కష్టమే, అందులో కొత్తదేముందని మొదటి ప్రశ్నే అడుగుతారు.

ఐడియా ఒక్కటి ఉంటే చాలా, లేక ఇక్కడ కంపెనీ నడిచి ఉండాలా?

కాగితం మీద చూస్తే చాలా దేశాల్లో ఐడియా, ప్లాన్ చాలు. నా అనుభవంలో మాత్రం చాలవు. మేం మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు మా దగ్గర ప్లాన్ తప్ప ఏమీ లేదు, తిరస్కరించారు. తిరస్కరించిన ఉత్తరంలో ఉన్నది ఒక్కటే మాట: దీన్ని కొంటారనే ఆధారం ఏదీ? ఆ తర్వాత ఏడాదిన్నర మేం వరంగల్ దాటలేదు. పరకాల వైపు రెండు గోదాముల్లో సెన్సర్లు బిగించాం, వానాకాలంలో సగం పాడయ్యాయి, డబ్బా మార్చాం, మళ్లీ బిగించాం. ఆ గోదాము యజమానులు ఇచ్చిన చిన్న చిన్న బిల్లులే రెండోసారి మమ్మల్ని గట్టెక్కించాయి. దాంతోపాటు ఐర్లాండ్‌లో బార్లీ నిల్వ చేసే ఇద్దరు ముగ్గురు రైతులకు, ఒక సహకార సంఘానికి ముందే మెయిల్స్ రాసి, వీడియోలో మాట్లాడి, చవగ్గా ఇస్తే వాడి చూస్తామని రాతపూర్వకంగా తీసుకున్నాం. కమిటీ ఎక్కువగా అడిగింది ఆ ఉత్తరాల గురించే.

బ్రిటన్ విషయంలో ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అక్కడ అప్పటికే నడుస్తున్న వ్యాపారంలో చేరడం కుదరదు, ఐడియా మీదే అయి ఉండాలి, రోజువారీ పని మీరే చూడాలి. ఇక్కడి కంపెనీని అక్కడ ఎట్లా చూపాలో ఎండార్సింగ్ సంస్థను ముందే అడిగి తేల్చుకోండి.

కన్సల్టెన్సీవాళ్లు గ్యారంటీ అంటున్నరు. ఇవ్వాల్నా?

మేం ఇచ్చాం. మొదటి దరఖాస్తుకు బిజినెస్ ప్లాన్ రాసిస్తామని ఒక కన్సల్టెన్సీ మా దగ్గర మూడు లక్షలు తీసుకుంది. చూడటానికి బాగుంది, రంగు రంగుల గ్రాఫులు, 40 పేజీలు. పంపే ముందు రాత్రి మా దోస్తు కూర్చొని మొత్తం చదివాడు. ఇరవయ్యేడో పేజీలో ధాన్యం అని ఉండాల్సిన చోట చేపల చెరువులు అని ఉంది. ఇంకెవరికో రాసిన ప్లాన్‌లో పేర్లు మార్చి మాకు అమ్మారు. ఆ రాత్రి మా దోస్తు ఒక్క మాట మాట్లాడలేదు, ఆ మూడు లక్షల్లో రెండు లక్షలు వాళ్లమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చినవి. అడిగితే పైసలు వాపస్ ఇచ్చేది లేదన్నారు.

కాబట్టి చెప్పేది ఇది. గ్యారంటీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు, నిర్ణయం ఆ దేశ అధికారులది. లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కాగితాలు చూపించుకోవడం మంచిదే, మేం రెండోసారి అదే చేశాం. ప్లాన్ మాత్రం మీరే రాయండి. ఇంటర్వ్యూలో ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు, వేరేవాళ్లు రాసినదైతే నోరు పెగలదు. "కంపెనీలో వాటా ఇస్తాం, పేరు పెట్టుకోండి, పైసలు కట్టండి" అనేవాళ్ల నుంచి ఇంకా దూరంగా ఉండండి. అబద్ధపు కాగితాలతో దొరికితే కొన్ని దేశాలు ఏళ్ల తరబడి మళ్లీ రానివ్వవు.

మొత్తం ఎంత అవుతది?

ఐర్లాండ్‌కు 50,000 యూరోలంటే మన లెక్కలో అర కోటి దాటుతుంది. అయితే అది ఖర్చు కాదు, మీ కంపెనీలోకే పోయే పెట్టుబడి. బ్రిటన్‌లో అంత పెట్టుబడి చూపనక్కర్లేదు గానీ, చేతి నుంచి పోయేవి ఎక్కువ. అక్కడి సర్కారు వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జీయే పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్లకు కలిపి ముందే కట్టాలి. పౌండుకు 115 రూపాయల లెక్కన వేసుకున్నా ఒక్కరికి మూడున్నర లక్షలు, భార్యాభర్తలకు ఏడు లక్షలు. దీనికితోడు 1,270 పౌండ్లు 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా ఉండాలి. చాలామంది మరిచిపోయేది మొదటి ఏడాది తిండి, ఇంటి అద్దె. డబ్లిన్‌లో ఇల్లు దొరకడమే గగనం, దొరికితే జీతం లేని వ్యాపారికి ఇవ్వడానికి జంకుతారు. ఏడాదికి సరిపడా చేతిలో ఉంచుకోకుండా బయల్దేరొద్దు.

బాపు రెండెకరాలు అమ్ముతా అంటుండు. ఆ పైసలు చూపొచ్చునా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు ఆగమంటాను. వీసా రాకముందు భూమి అమ్మొద్దు. వ్యాపారం నిలబడుతుందని ఇంకెవరో నమ్మి పెట్టుబడి పెట్టకముందే ఇంటి భూమి పెట్టడం నాకు సరైన దారి అనిపించదు.

అయినా అమ్ముతామంటే కాగితాల సంగతి తెలుసుకోండి. మన దగ్గర భూమి అసలు రేటు ఒకటి, రిజిస్ట్రేషన్‌లో రాసే ప్రభుత్వ విలువ ఒకటి. మిగతాది నోట్ల కట్టలుగా చేతికొస్తుంది. ఆ నోట్ల కట్టలకు ఆధారం ఉండదు. యాభై లక్షలకు అమ్మి పదిహేను లక్షలకు రిజిస్ట్రేషన్ చేస్తే మీరు చూపగలిగేది పదిహేనే. మిగతా ముప్పై ఐదు లక్షలు ఎక్కడివని అధికారి అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు, దరఖాస్తు అక్కడే పోతుంది, ఇక్కడ ఇన్‌కం ట్యాక్స్ తలనొప్పి వేరే. పూర్తి రేటు మీద రిజిస్ట్రేషన్ చేసుకుని బ్యాంకు ద్వారానే తీసుకోండి, స్టాంపు డ్యూటీ ఎక్కువైనా సరే, కొనేవాడు గునిసినా సరే. పట్టాదారు పాస్‌బుక్, సేల్ డీడ్, బాపు ఖాతా స్టేట్‌మెంట్, బాపు నుంచి మీకు గిఫ్ట్ డీడ్, మీ ఖాతా స్టేట్‌మెంట్, ఈ గొలుసులో ఒక్కటీ తెగకూడదు. తల్లిదండ్రులు ఇచ్చే గిఫ్ట్ మీద మీకు పన్ను పడదు. పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద కూడా పన్ను ఉండదు, కానీ పట్టణ హద్దుకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్నదాన్ని బట్టి అది మారుతుంది. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తప్పకుండా సీఏను అడగండి.

ఇంకొకటి. ఒకసారి ఎన్నారై అయ్యాక ఇక్కడ వ్యవసాయ భూమి కొనడం కుదరదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. అమ్మిన రెండెకరాలు రేపు పైసలొచ్చాక మళ్లీ కొందామంటే దారి ఉండదు.

పైసలు అక్కడికి పంపుడెట్ల?

ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, ఇది బయటి దేశాలకు పైసలు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం పరిమితి. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి కోసం పంపే దాంట్లో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. 50 లక్షలు పంపితే 40 లక్షల మీద 8 లక్షలు. రిటర్న్ వేశాక తిరిగొస్తుంది, లేదా కట్టాల్సిన పన్నులో సర్దుతారు, కానీ ఆ రోజుకు మీ దగ్గర 58 లక్షలు ఉండాలి. మాకు ఇది చివరి వారంలో తెలిసి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

విదేశీ కంపెనీలో వాటా తీసుకోవడమంటే 2022 విదేశీ పెట్టుబడి నిబంధనల కిందికి వస్తుంది. పంపే ముందే బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి ఆ పెట్టుబడికి నంబర్ తీసుకోవాలి. మామూలు బ్రాంచీల్లో చాలామందికి ఈ పని తెలియదు, ఫారెక్స్ చూసే బ్రాంచి ఏదో ముందే కనుక్కోండి. మీ సొంత ఖాతా నుంచి కాకుండా ఇక్కడి కంపెనీ నుంచే పంపితే దాని నికర విలువకు నాలుగింతల దాకా వీలుంటుంది. వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైలకు ఇక్కడుండే రూపాయి ఖాతాగా) మార్పించుకోవాలి.

తెలుగు మీడియంలో చదివిన, ఇంగ్లిష్ పరీక్ష తప్పదా?

బ్రిటన్‌కు బీ2 స్థాయి కావాలి, అంటే ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడి, రాయగలగాలి. ఐఈఎల్‌టీఎస్ రాసేటప్పుడు ఇమిగ్రేషన్‌కు చెల్లే రకమే ఎంచుకోవాలి, అన్నీ చెల్లవు. నేను కూడా పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పరీక్ష కంటే కమిటీ ముందు మాట్లాడటం భయమేసింది. మన సరుకు గురించి మనకు తెలిసినంత వాళ్లకు తెలియదు కదా అనుకున్నాక మాట వచ్చింది.

కాగితాల్లో ఎక్కడ దెబ్బ తింటం?

పేర్ల దగ్గర. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివర్లో, పాన్‌లో ఇంకోలా. కంపెనీ రిజిస్టర్ చేయకముందే అన్నీ పాస్‌పోర్టుతో సరిచేసుకోండి, తర్వాత షేర్ల కాగితాల్లో మార్చడం పెద్ద పని. పెళ్లయినవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోండి, ఫంక్షన్ హాల్ ఫొటోలు, శుభలేఖ చాలవు. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టాలి, స్లాట్ తీసుకునేటప్పుడే దగ్గర్లో ఏ కేంద్రంలో దొరుకుతుందో చూసుకోండి.

ఇంట్లోవాళ్లను తీసుకుపోవచ్చునా?

భార్య లేదా భర్త, 18 ఏళ్లలోపు పిల్లలు వస్తారు. బ్రిటన్‌లో భాగస్వామి ఉద్యోగం కూడా చేయొచ్చు, మొదటి ఏడాది ఇంటిని నడిపేది చాలాసార్లు ఆ జీతమే. అమ్మానాన్న చూడటానికి రావొచ్చు గానీ మీతో ఉండిపోవడానికి ఈ వీసా దారి ఇవ్వదు. ఒక్కడే కొడుకైతే, ఒక్కతే బిడ్డైతే ఈ మాట వెళ్లే ముందే ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి. మా అమ్మకు నేను చెప్పలేకపోయాను, కాజీపేట స్టేషన్లో రైలెక్కేదాకా రెండేళ్లలో వచ్చి తీసుకుపోతాననే అన్నాను.

దోస్తులం నలుగురం కలిసి పోవచ్చునా?

వెళ్లొచ్చు, కానీ ప్రతి ఒక్కరి పని ఏంటో వేరువేరుగా చూపాలి. వీసా కోసం కలిపిన నాలుగో మనిషి ఇట్టే దొరికిపోతాడు. వాటాలు, ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే ఏం చేయాలి అన్నది ముందే రాసుకోండి, చిన్నప్పటి దోస్తులైనా సరే.

కంపెనీ నడవకపోతే వెనక్కి పంపిస్తరా?

దేశాన్ని బట్టి ఉంటుంది. కెనడాలో పీఆర్ వచ్చాక కంపెనీ మూతపడ్డా పీఆర్ పోదు. బ్రిటన్‌లో ఎండార్స్‌మెంట్ వెనక్కి తీసుకుంటే వీసా గడువు తగ్గిస్తారు, సాధారణంగా 60 రోజుల్లో ఇంకో వీసాకు మారాలి లేదా తిరిగి రావాలి. ఐర్లాండ్‌లో పొడిగించేటప్పుడు వ్యాపారం నిజంగా నడుస్తోందా అని చూస్తారు. తిరిగి రావాల్సి వస్తే ఊళ్లో ఏమంటారో అని భయపడేవాళ్లున్నారు. మాతోపాటు వచ్చిన ఇద్దరు తిరిగి వెళ్లారు, అందులో ఒకరు ఇప్పుడు కరీంనగర్ నుంచే ఇక్కడి కస్టమర్లకు పని చేస్తున్నారు, బాగున్నారు.

వరంగల్‌లో ఎక్కడ మొదలుపెట్టాలె?

ఎన్‌ఐటీలో, హసన్‌పర్తి దగ్గర ఎస్సార్ యూనివర్సిటీలోని ఎస్సారిక్స్‌లో ఇంక్యుబేషన్ ఉంది, అంటే కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇస్తారు. హైదరాబాద్ దాకా పోగలిగితే టీ-హబ్, వస్తువు తయారుచేసేవాళ్లకు టీ-వర్క్స్, ఆడపిల్లలకు వీ-హబ్ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఇక్కడి ఇంక్యుబేటర్ ఇచ్చే ఉత్తరం అక్కడ వీసా తెచ్చిపెట్టదు, కానీ మిమ్మల్ని తెలిసినవాళ్లు ఉన్నారని చూపిస్తుంది.

ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలె?

వీసా చేతికొచ్చాక. మా దోస్తు ముందే మానేసి పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు, సంబంధాలు కూడా వెనక్కి పోయాయి. నేను సాయంత్రాలు, ఆదివారాలు చేశాను. దరఖాస్తు తయారీకి ఆరు నెలలు, జవాబుకు ఇంకొన్ని నెలలు అనుకోండి, ఒకసారి తిరస్కరణ కూడా లెక్కలో వేసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం మీ సొంత పని చేయొద్దు, చాలా ఉద్యోగ ఒప్పందాల్లో అట్ల చేసిన సరుకు ఉద్యోగమిచ్చిన కంపెనీదే అవుతుందని రాసి ఉంటుంది. ఇవాళే మీ ఒప్పందం తీసి ఒకసారి చదవండి.